చిన్న బండి, పెద్ద లెక్క: సరిహద్దు పల్లెల్లో వేగం, మైలేజీ, పెట్రోలు

2025 సెప్టెంబరు 22వ తేదీన 350 సి.సి. వరకు గల మోటారు సైకిళ్ళపై జి.ఎస్.టి. 28 శాతం నుండి 18 శాతానికి తగ్గినది. పన్నుతో కలిపి 128 రూపాయలు పలికే వస్తువు 118 రూపాయలకు వచ్చినట్లు. అంటే ధరలో దాదాపు ఎనిమిది శాతం తగ్గుదల. నూరు సి.సి. బండి మీద ఇది ఆరేడు వేల రూపాయల మాట. ఆ దసరా మొదలుకొని మన సరిహద్దు పల్లెల్లో ‘ఇప్పుడైనా బండి తీసిస్తావా లేదా’ అని కొడుకులు తండ్రులను నిలదీయని ఇల్లు అరుదు. సరిగ్గా ఆ కాలంలోనే, ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు వలన మైలేజీ పడిపోయినదన్న ఫిర్యాదు కూడా రచ్చబండ మీదికి వచ్చినది. బండి చవక అయినది, దాని తిండి మాత్రం ఖరీదు అయినది అన్నది జనం మాట. ఇందులో ఎంత నిజమున్నదో, బండిని మార్పించి వేగమో పొదుపో సాధించవచ్చునన్న మెకానిక్కుల హామీలలో ఎంత సారమున్నదో విచారించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఆంధ్ర నేల చుట్టుముట్టి ఉన్న పావగడ తాలూకానే ఉదాహరణగా తీసుకుందాం. తాలూకా కర్ణాటకలోనిది, సంత హిందూపురంలోనో మడకశిరలోనో, పెళ్ళి సంబంధం కళ్యాణదుర్గంలో, ఉద్యోగం పెనుకొండ దగ్గరి కార్ల కర్మాగారంలో. బస్సు వేళలు రెండు రాష్ట్రాల సంస్థలకూ పొంతన కుదరవు. ఆఖరి బస్సు తప్పిన మనిషికి బండి విలాసం కాదు, కాళ్ళు. హోసూరు, బాగేపల్లి, ముళబాగిలు, పర్లాకిమిడి, సిరొంచ పాఠకుల సంగతి కూడా ఇంతకు భిన్నం కాదనుకుంటాను. అటువైపు ‘బండి’ అన్నా, ఇటువైపు కన్నడం కలిసి ‘గాడి’ అన్నా, ఇంటి నెలసరి ఖర్చులో అది తినే భాగం ఒక్కటే.

ఈ చిన్న బండ్ల చరిత్ర మన సరిహద్దులకు పరాయిది కాదు. 1980లో ఇద్దరు కూర్చోగలిగిన మోపెడ్‌గా టి.వి.ఎస్. 50 వెలువడినది హోసూరు నుండియే. 1985లో హీరో హోండా సి.డి. 100 వచ్చి, నాలుగు స్ట్రోకుల ఇంజనుతో లీటరుకు ఎంత దూరమన్న ప్రశ్నను సామాన్యుని నోటికి తెచ్చినది. అదే ఏడాది ఎస్కార్ట్స్ కంపెనీ తయారీగా వచ్చిన యమహా ఆర్.ఎక్స్. 100 మరొక తరహాది. 98 సి.సి. లోనే 11 హార్స్ పవర్ ఇచ్చే రెండు స్ట్రోకుల బండి. వేగం దానిది, పొదుపు సి.డి. 100ది. పొగ నిబంధనలు బిగుసుకొని 1996లో ఆర్.ఎక్స్. 100 ఆగిపోయినా, దాని శబ్దం మీది మోజు నేటి కుర్రవానికీ తగ్గలేదు. ఇప్పుడు శ్రీసిటీలో హీరో, కోలారు జిల్లా నరసాపురలో హోండా, హోసూరులో టి.వి.ఎస్. కర్మాగారాలు ఉన్నవి. మూడూ తెలుగు మాట వినిపించే నేల మీదనే ఉన్నవి.

అంగడిలో ఉన్న బండ్ల శక్తి చూడండి. స్ప్లెండర్ ప్లస్‌ది 97.2 సి.సి., ఎనిమిది హార్స్ పవర్. ప్లాటినా 100 ఇంజను 102 సి.సి., శక్తి ఇంచుమించు అంతే. టి.వి.ఎస్. స్పోర్ట్ 109.7 సి.సి., ఎనిమిదికి కొద్దిగా ఎక్కువ. 2023లో వచ్చిన హోండా షైన్ 100కు ఏడున్నరకు కొద్దిగా తక్కువ. వీటి నడుమ పెద్ద తేడా లేదు. కంపెనీ కాగితం మీది మైలేజీ అంకెలను పట్టుకొని ఒకదానికంటె ఒకటి మేలని వాదించుకోవడం కాలక్షేపం మాత్రమే. ఆ అంకెలు పరీక్షాగారంలో నిర్ణీత వేగాలలో వచ్చినవి. మన బాటలో గుంటలు, గొర్రెల మందలు, రాగి కల్లాలు ఉంటవి. నా అభిప్రాయంలో ఊరిలో బాగుచేయగల మెకానిక్కు, తాలూకా కేంద్రంలో దొరికే విడిభాగాలు, పాతబడినప్పుడు పలికే ధర, ఈ మూడే నూరు సి.సి. బండి ఎంపికలో ముఖ్యం. రోజూ నలభై కిలోమీటర్లకు మించి హైవే మీద, అదీ ఇద్దరు కూర్చొని పోవలసిన వారికి మాత్రం 125 సి.సి. తీసుకోవడం తెలివి. అరవై కిలోమీటర్ల వేగంలో చిన్న ఇంజను ఆయాసపడుతుంది, పెద్దది నింపాదిగా పోతుంది. అటువంటి వాడుకలో రెండింటి మైలేజీ తేడా జనం అనుకొనేంత ఉండదు. గడ్డిమోపులు, పాలక్యానులు మోసే రైతుకు గేర్ల బండి కంటె ఎక్స్.ఎల్. 100 నయం. దాని వేగాన్ని గురించి ఎవరూ కలలు కనరు, అది కూడా ఒక సుగుణమే.

ఇక వేగం, పొదుపు రెండూ ఒకేసారి కావాలన్న కోరికలో ఉన్న చిక్కు. పదవ తరగతి విద్యార్థికి చెప్పినట్లే చెబుతాను. బండి ముందుకు పోవడానికి ప్రధానంగా అడ్డుపడేది గాలి. వేగం రెట్టింపైతే గాలి అడ్డంకి నాలుగు రెట్లవుతుంది. ఆ అడ్డంకిని ఆ వేగంలో ఎదుర్కొనడానికి ఇంజను ఇవ్వవలసిన శక్తి ఎనిమిది రెట్లవుతుంది. గంటకు 40 కిలోమీటర్ల వద్ద గాలిని చీల్చడానికి ఒక హార్స్ పవర్ కంటె తక్కువే సరిపోతుంది. 80 వద్ద దానికే ఐదు కావాలి. చక్రాల రాపిడి, చైను, గేర్లు తినేది వేరు. కాబట్టి ఎనిమిది హార్స్ పవర్ల బండి తొంభై దగ్గర ఆగిపోవడం ఇంజను లోపం కాదు, లెక్క. సైలెన్సర్ మార్చితే తొంభై నూటపది అవుతుందని నమ్మేవాడు ఈ లెక్క చేసి ఉండడు. ఆ వేగానికి దాదాపు రెట్టింపు శక్తి కావాలి.

స్ప్రాకెట్ మార్పు దగ్గర కొంచెం ఆగవలసి ఉన్నది. ఇది ఇటీవల మా వైపు బాగా ప్రచారంలో ఉన్న పని. ఖర్చు తక్కువ, పైకి కనిపించదు, అరగంటలో అయిపోతుంది. నా పాత విద్యార్థి ఒకడు సరిహద్దు దాటి కర్మాగారం పనికి పోతుంటాడు. ‘సార్, ముందు స్ప్రాకెట్‌కు ఒక పన్ను పెంచితే స్పీడూ పెరుగుతుంది, మైలేజీ కూడా పెరుగుతుంది అంటున్నారు, నిజమేనా?’ అని అడిగినాడు. అడిగిన నాటికే మార్పించి ఉన్నాడన్నది తరువాత తెలిసినది. పిల్లలు అనుమతి అడిగే పద్ధతి ఇదే.

ముందు చక్రానికి 14 పళ్ళు, వెనుక చక్రానికి 42 పళ్ళు ఉన్నవనుకుందాం. నిష్పత్తి 3. ముందు మూడుసార్లు తిరిగితే వెనుక చక్రం ఒకసారి తిరుగుతుంది. ముందు 15 పళ్ళు వేస్తే 42ను 15తో భాగించగా 2.8. అంటే అదే వేగానికి ఇంజను ఏడు శాతం మేర తక్కువ తిరుగుతుంది. తక్కువ తిరిగితే తక్కువ తాగుతుందన్నది మెకానిక్కు వాదం. నున్నటి చదునైన రోడ్డు మీద, ఒక్కడే కూర్చొని, ఎదురుగాలి లేక నలభై ఐదు యాభైలో పోయేవానికి ఇది కొంతవరకు నిజమే, లీటరుకు ఒకటి రెండు కిలోమీటర్లు కలిసిరావచ్చు. కాని చక్రానికి అందే లాగుడు బలం కూడా అదే ఏడు శాతం తగ్గుతుంది. ఒక చేత ఇచ్చి మరొక చేత తీసుకోవడమే గేరు స్వభావం. వెనుక ఇంకొక మనిషి కూర్చున్నప్పుడు, మిట్ట వచ్చినప్పుడు నాలుగవ గేరు లాగలేక మూడవదానికి దిగవలసి వస్తుంది. అప్పుడు ఇంజను మునుపటి కంటె ఎక్కువ తిరుగుతుంది. మిగిలినదంతా అక్కడ పోతుంది. మొదటి గేరులో కదిలేటప్పుడు క్లచ్చిని ఎక్కువసేపు జారవిడువవలసి వస్తుంది కనుక క్లచ్ ప్లేట్లు త్వరగా అరుగుతవి.

అత్యధిక వేగం పెరుగుతుందా అంటే అదీ లేదు. ఈ ఇంజన్లు పూర్తి శక్తి ఇచ్చేది నిమిషానికి ఏడున్నర, ఎనిమిది వేల చుట్ల దగ్గర. కంపెనీవాడు నిష్పత్తిని నిర్ణయించేటప్పుడే, గాలి ఆపివేసే వేగమూ ఇంజను పూర్తి శక్తి ఇచ్చే చుట్లూ కలిసేటట్లు కుదిర్చి ఉంటాడు. నీవు పళ్ళు మార్చి ఇంజను చుట్లు తగ్గిస్తే అది పూర్తి శక్తికి చేరకముందే గాలి ఆపివేస్తుంది. ఎంత వేగం కోసం మార్చినావో అంతకంటె తగ్గవచ్చు కూడా. నా విద్యార్థి బండి విషయంలో జరిగినది ఇదే. దిగుడు రోడ్డులో వేగం బాగున్నది, తిరుగు ప్రయాణంలో చెల్లెలిని, పశువుల దాణా మూటను ఎక్కించుకొని మిట్ట ఎక్కేటప్పుడు బండి రెండవ గేరులో మూలిగినది. నెల తిరిగేసరికి పాత స్ప్రాకెట్‌నే మళ్ళీ వేయించుకున్నాడు. కొండ ఊళ్ళలో బరువు మోసేవారు దీనికి వ్యతిరేకంగా ముందు ఒక పన్ను తగ్గించుకోవడం కూడా ఉన్నది. లాగుడు పెరుగుతుంది, వేగమూ పొదుపూ తగ్గుతవి. అది కనీసం నిజాయితీ గల బేరం.

కార్బరేటర్ ఉన్న పాత బండ్లలో జెట్ చిన్నది వేయించడం, సూదిని దించడం మరొక పద్ధతి. పెట్రోలు తక్కువ, గాలి ఎక్కువ కలిసే మిశ్రమం మొదట పదిరోజులు మైలేజీ పెంచినట్లే ఉంటుంది. కాని పలుచని మిశ్రమంతో ఇంజను వేడెక్కుతుంది, పికప్ పోతుంది, ఆ లోటు తీర్చడానికి మనిషి యాక్సిలరేటర్ ఎక్కువ తిప్పుతాడు. వేసవిలో ఎదురుగాలికి, బరువుతో దూరం పోయినప్పుడు పిస్టన్ పట్టివేసిన బండ్లను మీరూ చూసే ఉంటారు. 2020 ఏప్రిల్ 1 నుండి భారత్ స్టేజ్ 6 ప్రమాణాలు వచ్చిన తరువాత చాలా బండ్లలో కార్బరేటరే లేదు. పెట్రోలు ఎంత చిమ్మాలో ఒక చిన్న కంప్యూటర్, సైలెన్సర్ దారిలోని ఆక్సిజన్ సెన్సర్ కలిసి నిర్ణయిస్తవి. అటువంటి బండికి స్క్రూడ్రైవరుతో మైలేజీ పెంచుతానన్నవాడు తనకు తెలియని విషయం చెబుతున్నాడు. సైలెన్సర్ మార్చినప్పుడు ఆ సెన్సర్ లెక్కలు చెదిరి పెట్రోలు ఎక్కువ తాగడం కూడా కద్దు. శబ్దం పెరిగినది కనుక వేగం పెరిగినదని చెవి మోసపోతుంది.

ఎయిర్ ఫిల్టర్ తీసివేస్తే ఇంజను బాగా ‘ఊపిరి’ పీలుస్తుందన్నది కూడా ఇటువంటిదే. మన ఎర్రమట్టి బాటలలో ఆ ఊపిరితో పాటు సన్నని ఇసుక కూడా లోపలికి పోతుంది. ఏడాదికి రీబోరుకు వచ్చిన బండి యజమాని నూనెను తిడతాడు, కంపెనీని తిడతాడు. పెట్రోలు ట్యాంకులో వేసే మైలేజీ మాత్రలు, పైపుకు కట్టే అయస్కాంతాలు సంతలో ఇంకా అమ్ముడుపోతున్నవి. 1996లో తమిళనాడులో మూలికలతో పెట్రోలు చేస్తామన్న ప్రకటన దేశాన్నంతా ఊపివేసి, శాస్త్రజ్ఞుల ఎదుట నిలువలేకపోయిన సంగతి పెద్దలకు జ్ఞాపకముండవచ్చు. ఆశ పాతబడదు.

ఇప్పుడు ఇథనాల్ విషయం. పెట్రోలులో ఇరవై శాతం ఇథనాల్ కలపాలన్న లక్ష్యం మొదట 2030కి ఉన్నది, తరువాత దానిని 2025కు ముందుకు జరిపినారు. 2025లో దేశమంతటా ఈ పెట్రోలే సాధారణమైనది. దీనిని సవాలు చేసిన వ్యాజ్యాన్ని సుప్రీంకోర్టు అదే సంవత్సరం సెప్టెంబరు 1న కొట్టివేసినది. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోలులోని దానికంటె మూడవ వంతు తక్కువ. కాబట్టి మైలేజీ కొంత తగ్గక తప్పదు, దీనిని ప్రభుత్వమూ కాదనలేదు. పాత పెట్రోలుకే తయారై పది శాతానికి సరిచేసిన ద్విచక్ర వాహనాలలో తగ్గుదల మూడు నాలుగు శాతం ఉండవచ్చునని నీతి ఆయోగ్ 2021 నివేదికలోనే చెప్పినారు.

నాలుగు శాతం అంటే ఏమిటో ఇంటి లెక్కలో చూద్దాం. నెలకు 1,500 కిలోమీటర్లు తిరిగే బండి లీటరుకు 60 ఇస్తుంటే 25 లీటర్లు కావాలి. నాలుగు శాతం తగ్గి 57.6 ఇస్తే 26 లీటర్లు కావాలి. నెలకు ఒక లీటరు, ఇంచుమించు 105 రూపాయలు. ఏడాదికి 1,260. కూలి కుటుంబానికి ఇది చిన్న మొత్తం కాదు. ధరలో ఏ తగ్గింపూ లేకుండా ఈ భారం వాడుకదారు మీద వేసినారన్న ఆక్షేపణ న్యాయమైనదే. కాని ‘నా బండి అరవై నుండి నలభై ఐదుకు పడిపోయినది, అంతా ఇథనాల్ వల్లనే’ అనే వారి మాట మాత్రం లెక్కకు నిలువదు. పావువంతు పడిపోయినదంటే మరొక కారణం వెదకాలి. బండిని పెద్ద స్టాండు వేసి వెనుక చక్రాన్ని చేతితో తిప్పి చూడండి. రెండు మూడు చుట్లు తిరగకుండానే ఆగిపోతే బ్రేకు పట్టి ఉన్నది, లేదా చైను బిగిసి ఉన్నది. నేను చూసిన ఫిర్యాదు బండ్లలో సగానికి మందు ఇక్కడే దొరికినది.

పాత బండ్లకు ఇథనాల్ వలన మరొక బాధ ఉన్నది. అది నీటిని పీలుస్తుంది. వానాకాలంలో ట్యాంకు మూత సరిగా లేకపోయినా, పెట్రోలు నెలల తరబడి కదలకుండా ఉన్నా నీరూ ఇథనాలూ కలిసి అడుగుకు చేరుతవి. పెద్దాయన ఆసుపత్రిలో ఉన్నాడని మూడు నెలలు కొట్టంలో నిలిపిన బండి తిరిగి కదలకపోవడానికి ఇదొక కారణం. రబ్బరు గొట్టాలు, వాషర్లు కొన్ని పాత బండ్లలో ఇరవై ముప్పై వేల కిలోమీటర్ల తరువాత మార్చవలసి రావచ్చునని పెట్రోలియం శాఖ 2025 ఆగస్టులో తెలిపినది. 2023 ఏప్రిల్ తరువాత తయారైన బండ్లలో ఈ భాగాలు ఇరవై శాతానికి తగినట్లే వస్తున్నవి. సెకండ్ హ్యాండ్ బండి కొనేవారు తయారీ తేదీని ఈ దృష్టితో చూడటం మంచిది.

ఇంకొక మాట. ఈ ఇథనాల్ చెరకు నుండే కాదు, నూకల నుండి, మొక్కజొన్న నుండి కూడా వస్తున్నది. మడకశిర, గౌరిబిదనూరు వైపు మొక్కజొన్న వేసే రైతు ‘నా పంటకు గిరాకీ’ అని సంతోషించినాడు. 2025-26కు క్వింటాలుకు 2,400 రూపాయలు మద్దతు ధర ప్రకటించినా, 2025 నవంబరులో అంగడి ధర దానికి చాలా కింద ఉన్నదని కర్ణాటక రైతులు రోడ్డెక్కవలసి వచ్చినది. ట్యాంకు దగ్గరా కల్లం దగ్గరా రెండుచోట్లా తగ్గినది ఆ ఒక్క ఇంటికే అన్నది మరువరాదు.

సరిహద్దు వాసులకు ఒక సౌకర్యం ఉన్నది, పెట్రోలు ధరలో తేడా. ఆంధ్రప్రదేశ్‌లో 31 శాతం వ్యాట్‌కు తోడు లీటరుకు 4 రూపాయల అదనపు వ్యాట్, 1 రూపాయి రోడ్డు సుంకం ఉండగా, కర్ణాటక 2024 జూన్‌లో పెంచిన తరువాత కూడా 29.84 శాతం వద్ద ఉన్నది. 2025 నాటి ధరలలో సరిహద్దుకు ఇటు అటు ఐదారు రూపాయల తేడా కనిపించినది. తమిళనాడు, ఒడిశా వైపు తేడా అంతకు ఎక్కువే. యానాంలోనైతే పది రూపాయలకు మించినది. అందుకే సరిహద్దు బంకుల ముందు అంతటి వరుసలు.

అయినా అటు పోయి నింపించుకోవడం ఎప్పుడూ లాభమేనా? లీటరుకు 6 రూపాయల తేడాతో 8 లీటర్లు పోయిస్తే మిగిలేది 48 రూపాయలు. అందుకోసం రానూ పోనూ ప్రత్యేకంగా 12 కిలోమీటర్లు పోతే 60 మైలేజీ బండికి 200 మిల్లీలీటర్లు, అంటే 21 రూపాయలు ఖర్చు. నికరంగా 27 మిగులుతుంది. అదే 5 లీటర్ల కోసం 20 కిలోమీటర్లు తిరిగితే మిగిలేది 30, ఖర్చు 35. జేబులోనిది పోగొట్టుకొని పొదుపు చేసినామని సంతోషించడమన్నమాట. సంతకో పనికో పోయినప్పుడు ట్యాంకు నింపించుకోవడం వరకే ఇది లాభం. క్యానులలో తెచ్చి ఇంట్లో, అందునా పొయ్యి ఉన్న ఇంట్లో నిలువచేయడం మాత్రం చేయరాని పని. ఆరు రూపాయల కోసం గుడిసె తగలబెట్టుకున్నట్లు అవుతుంది.

నిజంగా పొదుపు ఎక్కడున్నదంటే అది మనిషి కుడిచేతిలోనే ఉన్నది. ముప్పై కిలోమీటర్ల దూరం 45 వేగంతో పోతే 40 నిమిషాలు, 60తో పోతే 30 నిమిషాలు. పది నిమిషాలు కలిసివస్తుంది. మైలేజీ 65 నుండి 50కి పడుతుందనుకుంటే ఒక పోకకు 140 మిల్లీలీటర్లు, దాదాపు 15 రూపాయలు అదనం. రానూ పోనూ 30, నెలకు 25 పనిదినాలకు 750 దాకా. ఆ పది నిమిషాలు ఇంటి నుండి ముందే బయలుదేరితే ఊరికే వచ్చేవి. ఏ మెకానిక్కూ, ఏ స్ప్రాకెట్టూ నెలకు 750 మిగిల్చలేదు. దీనితో పాటు వారానికి ఒకసారి టైర్లలో గాలి (ఎంతన్నది స్వింగ్ ఆర్మ్ మీదనో చైను కవరు మీదనో రాసి ఉంటుంది), చైను రెండు మూడు సెంటీమీటర్ల వదులు, వేళకు నూనె మార్పు. వెనుక లావు టైరు వేయించడం చూపుకు బాగుంటుంది, మైలేజీకి చేటు. కంపెనీ వేసిన మూత చైను కవరును స్టైలు కోసం తీసివేస్తే మన దుమ్ములో చైను సగం కాలానికే అరిగిపోతుంది.

మైలేజీని కొలిచే పద్ధతి కూడా చాలామందికి తెలియదు. వంద రూపాయల పెట్రోలు పోయించి, రిజర్వు పడేదాకా నడిపి చెప్పే అంకెకు విలువ లేదు. ట్యాంకు నిండా పోయించి మీటరు అంకె రాసుకోవాలి. మూడు నాలుగు వందల కిలోమీటర్లు తిరిగిన తరువాత అదే బంకులో, బండిని అదే విధంగా నిలిపి, అదే గుర్తు వరకు మళ్ళీ నింపించాలి. తిరిగిన దూరాన్ని రెండవసారి పట్టిన లీటర్లతో భాగిస్తే వచ్చేదే మైలేజీ. మూడుసార్లు చేసి సగటు తీసుకోవాలి. ఏ మార్పు చేయించినా ముందు మూడుసార్లు, తరువాత మూడుసార్లు ఈ లెక్క రాసినవాడు మెకానిక్కు మాటకు పడిపోడు.

చట్టం సంగతి తల్లిదండ్రులు తెలుసుకొని తీరాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు నిర్దేశించిన, రిజిస్ట్రేషన్ పత్రంలో ఉన్న వివరాలకు విరుద్ధంగా వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీనిని గట్టిగా చెప్పినది. అదే ఏడాది వచ్చిన సవరణలో 182-ఎ సెక్షన్ కింద యజమాని చేసే ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ విధించవచ్చు. 80 నుండి 175 సి.సి. బండికి తయారీ దశలో అనుమతించిన శబ్దం 77 డెసిబెల్స్. శబ్దం, పొగ నిబంధనలు మీరితే 190వ సెక్షన్ కింద 10,000 వరకు జరిమానా. అనేక పట్టణాలలో పోలీసులు విప్పించిన సైలెన్సర్లను రోడ్డు రోలరుతో నలిపించిన దృశ్యాలు మనం చూసినవే. స్ప్రాకెట్ పన్ను ఎవరికీ కనిపించదు నిజమే, కాని ఇంజను బోరు పెంచి సి.సి. మార్చిన బండికి ప్రమాదం జరిగితే బీమా కంపెనీ పేచీ పెట్టడానికి కావలసిన సాకు మనమే చేతికి ఇచ్చినట్లు.

పద్దెనిమిది నిండని పిల్లవానికి గేర్ల బండి ఇచ్చిన తండ్రికి 199-ఎ సెక్షన్ కింద 25,000 రూపాయల జరిమానా, మూడు సంవత్సరాల వరకు జైలు ఉన్నవి. బండి రిజిస్ట్రేషన్ ఒక ఏడాది రద్దవుతుంది. పిల్లవానికి ఇరవై ఐదేళ్ళ వరకు లైసెన్సు రాదు. బడి ఆవరణ వెలుపల చెట్టు కింద నిలిపిన బండ్లను లెక్కపెట్టిన ఉపాధ్యాయుడు ఎవరైనా ఈ సెక్షన్‌ను తలచుకొని భయపడతాడు.

మార్పులలో అన్నిటికంటె నాకు బాధ కలిగించేది వెనుక చక్రం పక్క ఉండే చీర గార్డును తీసివేయడం. అర కిలో బరువు తగ్గితే వేగం పెరగదు. అది వెనుక చక్రంలో పైట, చున్నీ పడకుండా ఆపే కంచె. చక్రాన్ని సగానికి తక్కువ కాకుండా కప్పే రక్షణ, వెనుకవారికి చేతిపట్టు, కాళ్ళు పెట్టుకొనే చోటు తప్పనిసరి అని కేంద్ర మోటారు వాహన నియమాలే చెబుతున్నవి. కొడుకు బండి మీద ఆసుపత్రికి పోయే అమ్మ, సంతకు పోయే అక్క పక్కకే తిరిగి కూర్చుంటారు. ఆ కంచె తీసివేసిన నాడు వారికి చెప్పి తీసినవాడు ఉన్నాడా? 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాలలో 1,68,491 మంది మరణించగా వారిలో 44.5 శాతం ద్విచక్ర వాహనాల మీద ఉన్నవారే. హెల్మెట్ లేక పోయినవారు 50,029 మంది. అందులో పద్నాలుగు వేలకు పైగా వెనుక కూర్చున్నవారు. సరిహద్దు దాటినంత మాత్రాన తల గట్టిపడదు. చెక్‌పోస్టు దగ్గర పెట్టుకొని ఆపైన పెట్రోలు ట్యాంకు మీద పెట్టే హెల్మెట్ ట్యాంకునే కాపాడుతుంది.

కరెంటు బండ్ల విషయం విడిగా రాయవలసినంత ఉన్నది. 2024 జులైలో వచ్చిన బజాజ్ ఫ్రీడమ్ 125 గ్యాసుతో నడిచేది. మన పల్లెల దారిలో సి.ఎన్.జి. బంకు ఎంత దూరమో చూసుకొని ఆలోచించవలసినది.

చివరగా, సరిహద్దు వారు తరచు చేసే ఒక పొరపాటు. ‘అక్కడ రెండు వేలు చవక’ అని పక్క రాష్ట్రం వారి పాత బండిని కొని, పాత నంబరుతోనే సంవత్సరాల తరబడి నడుపుతారు. ఒక రాష్ట్రంలో రిజిస్టరైన బండిని మరొక రాష్ట్రంలో పన్నెండు నెలలకు మించి ఉంచితే 47వ సెక్షన్ ప్రకారం కొత్త నంబరుకు దరఖాస్తు చేయాలి, అక్కడి జీవితకాల పన్ను కట్టాలి. ఆ పన్నును కూడా బండి ధరలో కలిపి చూస్తే చాలాసార్లు చవకదనం ఉండదు. అమ్మినవారి ఆర్.టి.ఓ. నుండి ఫారం 28 మీద నిరభ్యంతర పత్రం, ఫారం 29, 30 మీద ఇద్దరి సంతకాలు తీసుకోవాలి. లేనిపక్షంలో ప్రమాదం జరిగిన నాడు బండి ఒకరిది, పేరు మరొకరిది, కేసు ఇద్దరిదీ అవుతుంది. నిరభ్యంతర పత్రం చేతికి వచ్చే వరకు అమ్మేవారికి పూర్తి డబ్బు ఇవ్వకుండా కొంత నిలిపి ఉంచండి. వారు ఎంత దగ్గరి చుట్టమైనా సరే.